మోకాలికి దండెం తాడు

షటిల్ ఆడుతూ వెనక్కి గెంతితే మోకాల్లో టప్‌మంది. ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందన్నారు. అదే కాలి తొడ వెనక నుంచి స్నాయువు తీసి మోకాల్లో బిగించారు. పెరటి దూలం పీకి వీధి గుమ్మానికి ఎక్కించడమన్నమాట.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. కాలు పూర్తిగా చాపడం రావాలంటే దిండు మడమ కిందే పెట్టాలి, మోకాలి కింద కాదు అని ఫిజియో అబ్బాయి చెప్పాడు. నాకు కన్నంటుకోగానే అమ్మ దాన్ని మోకాలి కిందికి జరిపేది. రెండు వారాల్లో 90 డిగ్రీలు వంగాలన్నాడు. 70 దగ్గర మొరాయించింది. కాలిని దానంతటదే వంచే మెషీన్ అద్దెకి దొరుకుతుందట. రోజుకెంతో వినగానే నాన్న లేచారు. ఆయన రిటైరైన లైన్‌మన్. "స్తంభాలు నిలబెట్టినవాణ్ణి, నీ కాలొక లెక్కట్రా?"

గంటలో పరికరం సిద్ధం. మంచం మీద మావాడి ఫ్రేము ఊడిన క్యారమ్ బోర్డు, దాని మీద పౌడరు, పౌడరు మీద నా మడమ. చీలమండకి తువ్వాలు చుట్టి కట్టిన తాడు, నా తల వెనక కిటికీ ఊచకున్న నూతి గిలక మీదుగా చేతిలోకొస్తుంది. లాగితే మడమ ఇటు జారుతుంది, వదిలితే అటు. కొలతకి మావాడి జామెట్రీ బాక్సులో కోణమానిని. నిజం చెప్పొద్దూ, బాగానే పనిచేసింది.

మూడోరోజు మధ్యాహ్నం చెయ్యి నొప్పెట్టి, తాడు కొస ఎదురుగా బీరువా పిడికి కట్టి కునుకు తీశాను. బయట ముసురు. తడిబట్టలతో గదిలోకొచ్చిన అమ్మకి కిటికీ నుంచి బీరువా దాకా తాడు కనిపించింది. పైగా అది ఆవిడ దండెం తాడే, నాన్న చెప్పకుండా విప్పుకొచ్చారు. ఇంకేం, పిండీ పిండని డబుల్ కాట్ దుప్పటి దాని మీద వేసేసింది.

తాడు కుంగింది. నా మడమ స్ట్రైకరులా నున్నగా జారిపోయింది. నా కేకకి అమ్మ కంగారుపడి, ఆసరాకని ఆ తాడే పట్టుకుంది. నాన్న పరుగున వచ్చి, నన్ను కాదు, కోణమానిని అందుకున్నారు. "ఎనభై ఎనిమిదే! కదలకు, చూడనీ!"

సాయంత్రం ఫిజియో మోకాలంతా తడిమి, ఏమీ కాలేదని తేల్చుకున్నాకే మమ్మల్ని వరసపెట్టి తిట్టాడు. తాడు కొస నా చేతిలోనే ఉండాలన్న షరతు మీద గిలకని ఉండనిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ బకెట్‌తో గుమ్మంలో నిలబడింది.

"ఒరేయ్, ఇవాళ ఒట్టి జేబురుమాళ్లేరా. వెయ్యనా?"