మైకు ముందు కన్నీళ్లు

ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు మొదలైతే చాలు, మా చర్చి సంఘంలో కొందరికి ఉపవాసం కంటే ఆ సంగతి నలుగురికీ తెలియడమే ముఖ్యమైపోతుంది. పొద్దున్నే వాట్సాప్ స్టేటస్: "ఉపవాస ప్రార్థన, 12వ రోజు". తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో, మనుషులకు తెలియనివ్వకు అని కదా బైబిల్లో మత్తయి 6వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పింది?

ఒక పెద్దాయన ఉన్నారు. ఆదివారం అందరి ముందు తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పడానికి లేచారంటే మైకు తడిసిపోవాల్సిందే. "ప్రభువా, నేను ఘోర పాపిని" అంటారు. ఏ పాపమో మాత్రం చెప్పరు. ఆయన ఇంట్లో పనిచేసే, వెనక చాప మీద కూర్చునే అమ్మాయికి తెలుసు. రెండు నెలల జీతం ఇంకా ఇవ్వలేదు. అడిగితే "ప్రార్థన చేసుకో అమ్మా, దేవుడు చూసుకుంటాడు" అన్నారట! దేవుడు చూస్తూనే ఉన్నాడు, అదే కదా గొడవ.

యేసును కలిసి మారిన పన్నుల వసూలుదారు జక్కయ్య ఏడ్చినట్టు లూకా 19లో ఎక్కడా లేదు. ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాను అన్నాడు, అంతే. ఈయన్ని నాలుగింతలు ఎవరూ అడగట్లేదు. ఆమె జీతం ఆమెకిచ్చేసి, తర్వాత కావాలంటే మైకు పట్టుకుని తెల్లారేదాకా ఏడవమనండి.