ఉన్నాడు, ఉంది, ఉన్నావు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా ఒకటే గొడవ. దేవుడికి రూపం ఉందా, లేదా? ఒక్కడేనా, ఎందరో ఉన్నారా? చివరికి ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేశారు. అక్కడ నోరు మూసుకుని కూర్చున్నాను గానీ ఇక నా వల్ల కాదు, ఇక్కడ రాస్తున్నాను.

దేవుడి గురించి మనం ఏం చెప్పినా చాలదు. దేవుడితో చెప్పుకునేది మాత్రం చాలుతుంది. ఈ తేడా మన తెలుగు క్రియల్లోనే కనబడుతుంది, చూడండి.

"ఉన్నాడు" అన్నామా, మగవాణ్ని చేసేశాం. "ఉంది" అంటే ఆడమనిషైనా కావచ్చు, చెట్టో రాయో అయినా కావచ్చు. మన భాషలో రెండింటికీ అదే క్రియ. "ఉన్నారు" అంటే మర్యాదకి అన్నామో, పదిమంది అనుకుని అన్నామో తెలీదు. ఒక్క క్రియ పలికేసరికే దేవుడికి ఏదో ఒక ఆకారం అంటగట్టేస్తున్నాం. ఆ తర్వాత ఆ ఆకారం కోసం కొట్టుకుంటున్నాం.

అదే "ఉన్నావు" అనండి. అందులో ఆడా లేదు, మగా లేదు. ఎదురుగా ఎవరో వింటున్నారన్న నమ్మకం తప్ప ఇంకేమీ లేదు. మామగారిని మీరు అంటాం, తహసీల్దారుని మీరు అంటాం. అరసవల్లి వెళ్లి సూర్యనారాయణస్వామి ముందు నిలబడితే మాత్రం "నువ్వే దిక్కు" అంటాం. అక్కడ గ్రాంథికం కూడా అక్కర్లేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలోనే. బడి పుస్తకానికి మన మాట చాలు అని ఆయన కొట్లాడాడు. దేవుడికి చాలదా మరి?

గ్రూపులో ఉపనిషత్తు శ్లోకాలు పెట్టి వాదించేవాళ్ల మీదే నాకు ఎక్కువ బాధ. "యతో వాచో నివర్తంతే" అన్నది తైత్తిరీయమే కదా! మనసుతో సహా వెళ్లిన మాటలు అందుకోలేక వెనక్కి తిరిగొచ్చేశాయట. బృహదారణ్యకం "నేతి నేతి" అంది, ఇదీ కాదు, ఇదీ కాదు అని. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపం ఎవరిని తలుచుకుని కట్టారో ఆ బుద్ధుడు, చనిపోయాక తథాగతుడు (అంటే జ్ఞానం పొందిన బుద్ధుడు) ఉంటాడా, ఉండడా అని అడిగితే ఏ జవాబూ ఇవ్వలేదు. అంతటివాళ్లు ఆగిన చోట మనం స్క్రీన్‌షాట్లు పెట్టి గెలుద్దామనుకుంటున్నాం.

మన ఉత్తరాంధ్రలోనే చూడండి. అరసవల్లిలో సూర్యుడు, శ్రీకూర్మంలో తాబేలు, ముఖలింగంలో ఇప్పచెట్టులో వెలిశాడని చెప్పుకునే శివుడు, విజయనగరంలో పైడితల్లి. ఒక్క మాటతో తేలిపోయేదైతే ఇన్ని రూపాలు ఎందుకు కావాల్సి వచ్చాయి? మాట అందని చోటికి మన పెద్దలు వెలుగునీ రాయినీ మానునీ పంపారని నాకనిపిస్తుంది.

మా తాత చనిపోయిన ఏడాది సంగతి చెప్తాను. పరామర్శకి వచ్చిన ఒకాయన, "బాధపడకు పిన్నీ, బాబాయి స్వర్గంలో సుఖంగా ఉన్నాడు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నానమ్మ తలెత్తి, "నువ్వెళ్లి సూసొచ్చావేటిరా?" అంది. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. ఆ రోజు తన దుఃఖం మీద ఎవరో మూత పెట్టేసినట్టు అనిపించిందని తర్వాత నాతో చెప్పింది.

ఆ ఏడాది దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానుకి, అదే పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి అమ్మవారిగా ఊరేగించే జాతరకి, వెళ్దామని తనే పట్టుబట్టింది. మూడు లాంతర్ల దగ్గర జనం, కాలు పెట్టే చోటు లేదు. సిరిమాను కదలగానే అందరూ దాని మీదికి అరటిపళ్లు విసురుతున్నారు. నానమ్మకి చెయ్యి లేవలేదు. పండు గుప్పిట్లో నొక్కి పట్టుకుంది, తొక్క నల్లబడిపోయింది. పైకి చూస్తూ, "ఉన్నావా తల్లీ?" అని ఒక్కసారే అడిగింది. నా వైపు తిరగలేదు. ఆ అడగడంలో కోపం ఉంది, ఏడుపు ఉంది, తనకు తెలిసిన దేవుడంతా ఉన్నాడు. అదిగో, చూశారా, నేను కూడా "ఉన్నాడు" అనే రాశాను. అమ్మవారి గురించి!

సిరిమాను కోట వైపు వెళ్లిపోయాక ఆ నలిగిన పండు ఒలిచి నాకు సగం పెట్టింది.