కిడ్నీ గారికి సంజాయిషీ నోటీసు

సి విటమిన్ సీసా మీది లేబుల్ ఒకసారి చదవండి. ఒక్క మాత్రలో 1000 మిల్లీగ్రాములు, అంటే రోజువారీ అవసరంలో 1111 శాతం. పెద్దవాళ్లకి రోజుకి 90 మిల్లీగ్రాములు చాలన్న లెక్క మీద వేసిన శాతం అది. పదకొండు రోజుల జీతం పొద్దున్నే చేతిలో పెట్టే యజమాని ఇంకెక్కడైనా దొరుకుతాడా? ఇంత దాతృత్వం జరుగుతున్నా ఒంట్లో నిల్వ మాత్రం పెరగడం లేదు. మధ్యలో ఎవరో నొక్కేస్తున్నారు. విచారణ జరగాల్సిందే.

మొదటి ముద్దాయి చిన్నపేగు. దాని గోడలోని కణాలకి ఎస్‌విసిటి1 అనే రవాణా ప్రోటీన్ ఉంది. ఒక విటమిన్ అణువు లోపలికి పోవాలంటే వెంట రెండు సోడియం అయాన్లు ఉండాలి, ఆ ప్రోటీన్ తలుపు తీయాలి. తలుపుల సంఖ్య పరిమితం. రోజుకి 30 నుంచి 180 మిల్లీగ్రాముల దాకా వస్తే 70 నుంచి 90 శాతం లోపలికి పంపిస్తుంది, మర్యాదస్తురాలే. ఒక్కసారే 500 పోస్తే ముప్పావు వంతు దగ్గర ఆగుతుంది. 1250 పోస్తే సగం కూడా పట్టదు. పైగా గుమ్మం ముందు ఎప్పుడూ జనం కిటకిటలాడుతుంటే ఉన్న తలుపుల్నే తగ్గించుకుంటుందని ప్రయోగశాలలో పెంచిన పేగు కణాలు చూపించాయి. పని ఎక్కువైందని సిబ్బందిని తగ్గించుకునే ఆఫీసు ఇదొక్కటే.

లోపలికి పోలేనిది ఊరికే కూర్చోదు. పెద్దపేగులోకి జారి, నీళ్లు లాక్కుని, కడుపునొప్పి, గ్యాసు, విరేచనాలు తెచ్చిపెడుతుంది. పెద్దవాళ్లకి రోజుకి 2000 మిల్లీగ్రాములు దాటొద్దని పెట్టిన హద్దుకి ముఖ్య కారణం ఈ విరేచనాలే. అయితే దీన్ని సైతం శాస్త్రంగా మలిచిన మేధావులున్నారు. విరేచనం పట్టేదాకా మోతాదు పెంచుకుంటూ పోవాలట, పట్టాక కాస్త తగ్గించాలట, అదే మీ ఒంటికి సరైన డోసట. విరిగేదాకా కూర్చుని చూసి కుర్చీ బలం తేల్చడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ కూర్చోవాల్సిన చోటు వేరు.

పేగు మొండితనాన్ని లొంగదీయడానికి మార్కెట్ చేయని ప్రయత్నం లేదు. కొవ్వు పొరల్లో చుట్టిన లైపోజోమల్ రకం ఉంది, మెల్లమెల్లగా కరిగే రకం ఉంది, పులుపు చంపిన బఫర్డ్ రకం ఉంది, ‘ప్రకృతి సిద్ధం’ అన్న ముద్ర ఉన్న రకమూ ఉంది. లైపోజోమల్ వల్ల రక్తంలో మోతాదు కొంత పెరగడం నిజమే. బఫర్డ్ రకం పులుపు పడని కడుపుకి హాయిగానే ఉంటుంది, కాకపోతే సోడియం ఆస్కార్బేట్ అయితే ప్రతి గ్రాముతో పాటు వంద మిల్లీగ్రాములకి పైగా సోడియం లోపలికి పోతుంది. ఇక ప్రకృతి సిద్ధమా, ఫ్యాక్టరీ సిద్ధమా అన్న గొడవ ఎస్‌విసిటి1 గారికి పట్టదు. రెండూ ఒకటే ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం.

పేగు మీద ఇంత పోరాడి గెలిచామనుకోండి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, అసలు కథ రెండో ముద్దాయి కిడ్నీ దగ్గర మొదలవుతుంది.

1996లో అచ్చయిన అధ్యయనం కోసం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఏడుగురు ఆరోగ్యవంతుల్ని నాలుగు నుంచి ఆరు నెలలు ఆస్పత్రిలో ఉంచి, రోజుకి 5 మిల్లీగ్రాముల లోపు సి విటమిన్ ఉన్న తిండి పెట్టి, ఆ తర్వాత 30 నుంచి 2500 దాకా మెట్టు మెట్టుగా మోతాదు పెంచుతూ రక్తం, మూత్రం కొలిచారు. మోతాదు 100కి చేరేదాకా ఏడుగురిలో ఆరుగురి మూత్రంలో విటమిన్ జాడే లేదు. కిడ్నీ వడపోసిన దాన్ని వడపోసినట్టే వెనక్కి పీల్చుకుంది. 500, ఆపైన మోతాదుల్లో పేగు కనికరించి లోపలికి పంపినదంతా దాదాపుగా మూత్రంలోకి పోయింది. రక్తంలో మోతాదు చూపే గీత 200 దాటాక పైకి లేవడం దాదాపుగా మానేసి నడుం వాల్చింది.

అంటే శోషణ పెంచే మాత్ర కొన్నవాళ్లు ముందు గుమ్మం వెడల్పు చేయించుకున్నారన్నమాట. రద్దీ వెనక గుమ్మం దగ్గర పెరిగింది.

ఇంత నేరం చేసిన కిడ్నీకి సంజాయిషీ నోటీసు పంపితే వచ్చిన జవాబులో పశ్చాత్తాపం ఇసుమంతైనా లేదు. తెల్ల రక్తకణాలు రోజుకి 100 మిల్లీగ్రాములతోనే నిండిపోతాయట. ఒంట్లో మొత్తం నిల్వ కలిపినా గ్రామున్నర, రెండు గ్రాములట. నిండిన కుండలో బిందెలతో పోసి, ఒలికిందని నేలని తిడితే ఎలాగని ఎదురు ప్రశ్న. పైగా తనదీ ఒక ఫిర్యాదు ఉందట: రోజుకి 1000 మిల్లీగ్రాములు మింగేవాళ్ల మూత్రంలో ఆక్సలేట్ పెరుగుతోంది, అది కాల్షియంతో కలిస్తే రాయి, ఆ రాయి మోసేది తనే. మాత్రల కంపెనీ వచ్చి మోయదు కదా! ఇదివరకే రాళ్లు వచ్చినవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదువుకోవడం మంచిది.

మాత్ర వేసుకున్నాక మూత్రం పసుపుపచ్చగా వచ్చిందని, మందు ‘పనిచేస్తోందని’ మురిసిపోయే అమాయకుల కోసం ఒక మాట. ఆ పసుపు మల్టీవిటమిన్‌లోని బి2ది. సి విటమిన్‌కి రంగు లేదు. డబ్బులు పోతున్న ఆనవాలు కూడా కనపడనివ్వని పెద్దమనిషి అది.

ఇంతకీ ఇదంతా దేనికోసం? జలుబు కోసం. లైనస్ పాలింగ్ 1970లో జలుబుకి గ్రాముల లెక్కన సి విటమిన్ అని ప్రచారం ఎత్తుకున్నాడు. ఆయనకి రెండు నోబెళ్లున్నాయి, ఇంకేం కావాలన్నారు జనం. ఒకటి రసాయనశాస్త్రానికి, ఇంకోటి శాంతికి. జలుబుకి ఏదీ రాలేదు. ఆ తర్వాత జరిగిన పరీక్షలన్నీ పోగేసి చూస్తే, రోజూ తప్పకుండా మింగే పెద్దవాళ్లలో జలుబు కాలం 8 శాతం తగ్గింది. వారం రోజుల జలుబులో పదమూడు గంటలు! తుమ్ము వచ్చాక మాత్ర కోసం పరిగెత్తినవాళ్లకి ఆ పదమూడు గంటలకీ భరోసా లేదు. జలుబు రావడమే సగానికి తగ్గింది మారథాన్ పరుగువీరులకి, మంచుమీద జారే ఆటగాళ్లకి, గడ్డకట్టే చలిలో కవాతు చేసే సైనికులకి. సోఫా మీంచి రిమోట్ దాకా చేసే కవాతు ఆ లెక్కలోకి రాదు.

మేక తన కాలేయంలో తానే సి విటమిన్‌ని గ్రాముల కొద్దీ తయారు చేసుకుంటోంది, మనమెందుకు మింగకూడదన్నది మిగిలిన వాదం. మనిషికి ఆ జన్యువు చెడిపోయిన మాట నిజం. బదులుగా మన ఎర్ర రక్తకణాలు వాడేసిన సి విటమిన్‌ని లోపలికి లాక్కుని బాగుచేసి మళ్లీ వాడే పొదుపు నేర్చుకున్నాయి. ఆ పొదుపు మేకకి తెలీదు.

అయినా మింగి తీరతామన్నవాళ్లకి కొంత మర్యాద నేర్పాలి. 200 మిల్లీగ్రాములకి మించకుండా, భోజనంతో పాటు వేసుకుంటే పేగు గొడవ పెట్టదు. ఐరన్ మాత్ర వాడేవాళ్లు రెండూ కలిపి వేసుకోవచ్చు. శాకాహారంలోని ఇనుముని పేగు పీల్చుకోగలిగిన రూపంలోకి మార్చడం సి విటమిన్ నిజంగా బాగా చేసే పని, ప్రకటనల్లో దానికి చోటే దొరకదు. ఒంట్లో ఇనుము ఇదివరకే ఎక్కువున్నవాళ్లకి మాత్రం ఇదే పని కీడు.

నీళ్లలో బుసబుసమని పొంగే మాత్ర ట్యూబు మూత విప్పి చూడండి. లోపల గలగలలాడే గింజలు అలంకారానికి పెట్టలేదు. తేమ పీల్చుకోవడానికి పెట్టారు. మూత వదిలేస్తే మాత్ర గ్లాసులో పడకముందే ట్యూబులో బుసకొట్టి చల్లారుతుంది. ఆ పొంగు సోడియం బైకార్బొనేట్‌ది, కాబట్టి బీపీ ఉన్నవాళ్లు లేబుల్ మీద సోడియం అంకె చూసుకోవాలి. తెల్లమాత్ర గోధుమరంగుకి తిరిగితే ఆక్సీకరణ జరిగిపోయిందని అర్థం. చప్పరించే రకం పంటి ఎనామిల్‌ని తినేస్తుంది. చప్పరించాక నోరు పుక్కిలించాలి, వెంటనే బ్రష్ మాత్రం చేయకూడదు. మలంలో కనపడని రక్తం కోసం రసాయన పరీక్ష ఉంటే మూడు రోజుల ముందు నుంచి రోజుకి 250 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే రక్తం ఉన్నా లేదని చెబుతుంది. మూత్రపు స్ట్రిప్పు చక్కెర విషయంలోనూ అంతే, అబద్ధమాడుతుంది.

ఇక శిక్ష సంగతి. కిడ్నీని సస్పెండ్ చేసి పని డయాలసిస్ యంత్రానికి అప్పగిద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఆ యంత్రానికి వెనక్కి పీల్చుకోవడమన్నదే తెలీదు, కావలసిందా అక్కర్లేనిదా అని చూడకుండా సి విటమిన్‌ని కడిగేస్తుంది. డయాలసిస్ మీదున్నవాళ్లలో దాని లోపం కనపడడానికి ఒక కారణం అదే. ప్రతిపాదన వీగిపోయింది. కిడ్నీ గారు ఎప్పట్లాగే డ్యూటీలో ఉన్నారు. ఈ పొద్దున వేసిన మాత్ర ఇప్పటికే వారి బల్ల మీదికి చేరే ఉంటుంది.