తలుపు దగ్గర నిద్రపోయే థర్మోస్టాట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ థర్మోస్టాట్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ తమరు కుశలంగా లేకపోతే ఇంజనుకూ కుశలం ఉండదు కాబట్టి ఆ ముక్క దాటేస్తున్నాం.

తమరి ఉద్యోగం ఏపాటిదని? కారు ఇంజనుకీ, దాని వేడినీటిని చల్లార్చే రేడియేటర్‌కీ మధ్య తలుపు కాయడం. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసి ఉంచాలి. 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో (ఎంతో తమరి ఒంటి మీదే పచ్చబొట్టులా ఉంటుంది) తెరవడం మొదలుపెట్టాలి, ఇంకో పది పదిహేను డిగ్రీలకల్లా బార్లా తీయాలి. కడుపులో మైనం కరిగి ఉబ్బితే తలుపు తెరుచుకుంటుంది, చల్లారితే స్ప్రింగు మూసేస్తుంది. ఇంత తేలిక కొలువులోనూ తమరు రెండు రకాల సెలవులు కనిపెట్టారు!

మొదటిది, తలుపు తెరిచిపెట్టి నిద్రపోవడం. ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాదు, వచ్చినా హైవే ఎక్కగానే కిందికి జారుతుంది. హీటరు చల్లగాలి ఊదుతుంది. ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటరు పెట్రోలు ధారాళంగా వడ్డిస్తుంది. చివరికి చెక్ ఇంజన్ దీపం వెలిగి, స్కానర్‌లో పీ0128 అనే లోపం కోడ్ పడుతుంది. అది చూడగానే తమరిని పీకేయడం కూడా తొందరపాటే. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గినా, సెన్సరు అబద్ధం చెప్పినా అదే కోడ్ వస్తుంది.

రెండోది ప్రాణాంతకం: తలుపు మూసి నిద్రపోవడం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు, రేడియేటర్ చల్లగా సిద్ధంగా ఉన్నా తమరు నీటిని అటు పోనివ్వరు. ముల్లు నిమిషాల్లో ఎరుపులోకి పోతుంది. అప్పుడు ఏసీ కట్టేసి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, బండి పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. మొండిగా నడిపితే ఇంజను పైభాగమైన హెడ్ వంగుతుంది (అల్యూమినియందైతే మరీను), దాని కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. రేడియేటర్ మూత జోలికి మాత్రం పోకూడదు. ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న కూలెంట్, మూత కదిలిన క్షణంలో ఆవిరై ముఖాన కొడుతుంది.

తమరు ఏ సెలవులో ఉన్నారో రేడియేటర్ పై పైపు చెబుతుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా చెయ్యి పెట్టి చూడాలి. పైపు మొదట చల్లగా ఉండి, ముల్లు మధ్యకొచ్చాక ఒక్కసారిగా వేడెక్కితే తమరు డ్యూటీలో ఉన్నట్టు. మొదటి నిమిషాల నుంచే మెల్లగా వేడెక్కుతుంటే తలుపు తెరిచే ఉంది. ముల్లు పైకి పోతున్నా పైపు చల్లగానే ఉంటే మూసుకుపోయింది, లేదా కూలెంట్ చాలక గాలి పట్టింది. కొన్ని ఇంజన్లలో తమరి కాపురం కింది పైపు వైపు. అక్కడ ఈ లెక్క సరిపోదు.

అనుమానం తీరకపోతే తమరికి వేడినీళ్ల స్నానమే. గిన్నెలో అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి వేడిచేస్తే, ఒంటి మీది అంకె దగ్గర కదలాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. కరెంటు తీగతో వచ్చే కొత్త రకం దొరలకు ఈ పరీక్ష చాలదు.

తప్పిన వారిని మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంట్ దించి, తమరు కూర్చునే గూడు, అంటే హౌసింగ్ బోల్టులు రెండో మూడో విప్పి, పాత గ్యాస్కెట్ అంటుకున్న చోటు గీతలు పడకుండా గీకాలి. కొత్తవారి స్ప్రింగు ఇంజను వైపు, ఊగే చిన్న పిన్ను ఉంటే అది పైకి ఉండాలి. తిరగేసి బిగిస్తే మైనానికి వేడి సరిగా తగలదు, తలుపు వేళకు తెరుచుకోదు. ఓ-రింగ్ కొత్తదే వేయాలి. బోల్టుల మీద భుజబలం చూపిస్తే హౌసింగ్ పగులుతుంది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోసి, హీటరు వేడిలో పెట్టి, ఫ్యాను తిరిగేదాకా నడిపి గాలి పోనివ్వాలి. చల్లారాక మట్టం మళ్లీ చూడాలి. గాలి మిగిలితే కొత్తవారికీ చెడ్డపేరే.

ఇక తమరిని పీకేసి ఊరికే హౌసింగ్ బిగించే మహానుభావులున్నారు. "అదే లేకపోతే వేడెక్కదుగా!" అంటారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టే. ఇంజను చలికాలమంతా పచ్చిగా నడుస్తుంది, ఆయిల్ పాడవుతుంది. తమలో కొందరు పైతలుపు తీస్తూ కింది పళ్లెంతో బైపాస్ దారి మూస్తారు. వారిని తీసేస్తే ఆ దొడ్డిదారి తెరిచే ఉండి, కూలెంట్ కొంత రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంది. వేడెక్కకూడదని తీస్తే ఎండలో మరింత వేడెక్కడం అందుకే!

ఇట్లు,
ముల్లు మీదే కన్నేసిన వాహనదారులు

తా.క.: తమరి పాత కూలెంట్ నేల మీద పారబోయడం లేదు. తియ్యగా ఉంటుంది కదా, కుక్కలు నాకి చచ్చిపోతాయి. మూతున్న డబ్బాలో ఉంది.