సవరణ అంటే ఒత్తులు దిద్దడం కాదు

బడిపిల్లలతో కథలు రాయించడం గురించిన ఒక వ్యాసంలో ప్రణాళిక, చిత్తుప్రతి, సవరణ, తప్పులు దిద్దడం అని నాలుగు దశలు చెప్పారు, బాగుంది. కానీ 6–8 తరగతుల్లో పని చెడేది సవరణ దగ్గరే. టీచర్ ఎర్రపెన్నుతో ఒత్తులు, దీర్ఘాలు దిద్దితే పిల్లలు దాన్నే శుభ్రంగా ఎక్కించేసి అయిపోయిందంటారు, కథ మాత్రం మారదు.

చిత్తుప్రతి లైను విడిచి లైను రాయించండి, చేర్పులకు చోటుంటుంది. సవరణ రోజున అక్షరదోషాల జోలికి పోకుండా, కథలో అసలు మలుపు ఎక్కడుందో అడగండి. చాలామంది నిద్ర లేవడంతో మొదలుపెట్టి, ఆ మలుపును ఒక్క వాక్యంలో దాటేస్తారు. ‘వాడికి భయమేసింది’ అన్నచోట చేతులు ఏం చేశాయి, ఏం వినిపించింది, నోట ఏ మాట వచ్చింది, ఇవన్నీ మూడు నాలుగు వాక్యాల్లో రాయమనండి. మలుపుకు ముందు వచ్చే పళ్లు తోముకోవడం లాంటివి కొట్టేయించండి. జతల్లో చదివించేటప్పుడు వినేవాళ్లు ‘బాగుంది’ అని ఊరుకోకుండా, అర్థం కానిచోట ఒక ప్రశ్న వేయాలి.