పసిపిల్లల నిద్రకు ఇంటి గడియారమే అడ్డు

రాత్రి తొమ్మిదిన్నరకు విశాఖ ఆర్‌కే బీచ్‌లో కాసేపు నిలబడి చూడండి. మొక్కజొన్న పొత్తుల బండ్లు, మురీ మిక్చర్ దగ్గర జనం, వాళ్ల చంకల్లో ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు. ఎర్రబడ్డ కళ్లు నులుముకుంటూ కాసేపు నాన్న భుజం మీద వాలిపోతారు. అంతలోనే లైట్ల బొమ్మ కావాలని గుక్కపట్టి ఏడుస్తారు. "అస్సలు నిద్రపోడండీ, పన్నెండైనా హుషారే" అంటుంది తల్లి. ఆ హుషారు చూసి మోసపోతున్నాం. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు జోగుతారు. పసివాళ్లు చాలామంది గెంతుతారు, పేచీ పెడతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల వాళ్లకు 12 నుంచి 16, ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. పగటి కునుకులు కూడా ఇందులోవే. ఇప్పుడు మన ఇళ్ల లెక్క వేద్దాం. రెండేళ్ల పిల్ల పన్నెండుకు పడుకుంది. ప్లే స్కూల్ వ్యాన్ వస్తుందని ఏడున్నరకు లేపారు. మధ్యాహ్నం గంటన్నర పడుకుంది. మొత్తం తొమ్మిది గంటలు. రోజూ కనీసం రెండు గంటలు కోత పడుతోంది. గాఢ నిద్రలోనే ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది, పగలు నేర్చుకున్న మాటలు బుర్రలో కుదురుకునేదీ నిద్రలోనే. కోత పడుతున్నది వాటికే.

కూర్మన్నపాలెంలో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రికి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు ఉండే బి షిఫ్టు వారంలో, నాన్న వచ్చేదాకా పాపను మేలుకొల్పి ఉంచేవారు. అప్పటిదాకా చేతిలో ఫోన్. రెండేళ్లు నిండని పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. నాన్న వచ్చాక ఆటలు, నవ్వులు, పదకొండున్నరకు ఏడుపు. ఆ తండ్రిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. బిడ్డ నవ్వు చూడాలన్న ఆశ ఎవరికుండదు? కానీ అదే వారంలో మధ్యాహ్నం దాకా ఆయన ఇంట్లోనే ఉంటాడు కదా! స్నానం, ఇడ్లీ తినిపించడం, మేడ మీద ఎండలో తిప్పడం ఆయన తీసుకోవచ్చు. పొద్దున్నే వెళ్లే ఎ షిఫ్టు వారంలో సాయంత్రాలు ఎలాగూ ఆయనవే. షిఫ్టు తండ్రికి మారుతుంది, పిల్లకు మారకూడదు. ఎనిమిదిన్నరకు లైట్లు తగ్గించి, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, జోకొట్టి పడుకోబెట్టడం రోజూ ఒకే వరసలో జరిగితే, కొన్నాళ్లకు ఆ వరసే నిద్రను పిలుస్తుంది.

ఉదయపు వెలుగు దీనికి పెద్ద సాయం. విశాఖలో మే నెలలో ఐదున్నర కాకముందే తెల్లారిపోతుంది. ఆ వెలుగులో కాసేపు తిరిగిన పిల్లకు రాత్రి నిద్ర వేళకు వస్తుంది. తెల్లవారుజామున వాహనాలు ఆపి బీచ్ రోడ్డును నడిచేవాళ్లకు వదులుతారు. అక్కడ పెద్దలే కనిపిస్తారు. పిల్లల్ని రాత్రికి బదులు ఆ వేళకు తీసుకెళ్లమనే నా మాట.

పుట్టిన కొత్తలో మాత్రం ఈ టైంటేబుల్ ఏదీ పనిచేయదు. మొదటి రెండు మూడు నెలలు బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు, గంటకోసారి కదలడం సహజం. ఆ మాట చెప్పకుండా "నీ పాలు చాలట్లేదమ్మా" అని బాలింతను టెన్షన్ పెట్టి డబ్బాపాలు పట్టించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. రాత్రి లేచిన బిడ్డ తల్లి తప్పు కాదు. నిద్ర కోసం గసగసాలు అరగదీసి నాకించే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే వెంటనే మానేయాలి, అది ప్రాణం మీదకు తెస్తుంది.

పక్క విషయంలోనూ పాత అలవాట్లు కొన్ని వదులుకోవాలి. ఏడాది లోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, మెత్తటి దుప్పట్లు, బొమ్మలు పక్కలో ఉండకూడదు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. చీర ఉయ్యాల నాకూ ఇష్టమే. కానీ అందులో గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరికి ఇబ్బంది. మనం చూస్తుండగా ఊపి, నిద్రపోయాక పక్క మీదకు మార్చండి. మన ఉక్కపోతలో టోపీ, సాక్సులు, స్వెట్టరు వేసి చుట్టేయడం కూడా ప్రమాదమే.

ఇదంతా తల్లి ఒక్కతే చేసుకోవాలంటే కుదరదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. పది మంది పనిచేసే దుకాణానికీ ఆ సెలవు వర్తిస్తుంది. జగదాంబ సెంటర్‌లో బట్టల షాపులో రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే అమ్మాయి ఇంటికి చేరి వంట ముగించేసరికి పదకొండు. ఆమె బిడ్డకు ఎనిమిదిన్నర నిద్ర ఎవరిస్తారో కార్మిక శాఖ, ఆ షాపు యజమాని కలిసి జవాబు చెప్పాలి.