శుభలేఖ గాస్కెట్

మా నాన్న పద్మిని కారుకు 38 ఏళ్లు. నెలకోసారి కొండ మీద దుర్గమ్మ దర్శనానికి తీసుకెళ్లడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. ఈమధ్య షెడ్డు తలుపు తీస్తే చాలు, గుప్పున పెట్రోలు వాసన. చూస్తే ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బురేటర్ కింద తడి.

"ఆటోనగర్ తీసుకెళ్లరా" అన్నారు నాన్న. నేనప్పటికే మూడు వీడియోలు చూసి ఉన్నాను. "ఇంతోటి దానికి మేస్త్రీ ఎందుకు నాన్నా?" అన్నాను.

నిజానికి అందులో ఉన్నది మన ఫ్లష్ ట్యాంకు కిటుకే. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోట్ పైకి తేలి, నీడిల్ వాల్వును నొక్కి దారి మూసేస్తుంది. ఫ్లోట్ సరిగా తేలకపోతే దారి మూసుకోదు, పెట్రోలు పొంగుతుంది. మాది ఇత్తడి ఫ్లోట్. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే కొబ్బరికాయలా చప్పుడు చేసింది. అంటే చిల్లు పడి లోపలికి పెట్రోలు చేరిందన్నమాట. ఆ చిల్లు దొరకాలంటే వేడినీళ్లలో ముంచాలి. లోపలి గాలి వేడెక్కి చిల్లులోంచి బుడగలు వస్తాయి. నీళ్లు సరే, గిన్నె? చేతికి చారుగిన్నె అందింది. (ముంచింది పెరట్లోనే లెండి, పొయ్యి దగ్గర కాదు. ఆపాటి బుద్ధి ఉంది.)

ఆ రోజు మా ఇంట్లో చారు లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

ఫ్లోట్‌లో చుక్క పెట్రోలు, వాసన కూడా మిగలకుండా ఆరబెట్టి, సూదిమొనంత బెజ్జానికి టంకం పెట్టాను. ఒక్క బొట్టు చాలు. నాకు తృప్తి కలగలేదు. ఇంకో బొట్టు. ధైర్యానికి ఇంకోటి. చివరికి అది పన్నునొప్పి వచ్చిన బుగ్గలా తయారైంది.

ఈలోగా కార్బురేటర్ మూత విప్పినప్పుడు చిరిగిన గాస్కెట్, అంటే మూత సందులోంచి పెట్రోలు కారకుండా మధ్యలో పెట్టే అట్ట, గుర్తొచ్చింది. ఆదివారం, షాపులు మూత. బీరువా మీద శుభలేఖల కట్ట కనిపించింది. అట్ట బాగా దళసరి. మూత అంచు మీద పరిచి చిన్న సుత్తితో తడితే అచ్చు పడింది. కత్తిరించి, పెట్టి, బిగించాను.

చోక్ లాగి తాళం తిప్పగానే బండి అందుకుంది. నాన్న నావైపు గర్వంగా చూశారు, అర నిమిషం పాటు. ఆ తర్వాత కార్బురేటర్ నాలుగు వైపులా కారడం మొదలుపెట్టింది. టంకం బరువుకు ఫ్లోట్ పైకి లేవలేదు. పొంగిన పెట్రోలుకు శుభలేఖ నానిపోయింది. ఇంజిన్ ఆపేసి, కారును బయటికి నెట్టుకొచ్చాం.

మర్నాడు మేస్త్రీ ఇంటికే వచ్చాడు. ఫ్లోట్‌ను అరచేతిలో ఎగరేసి, "ఇది తేలడానికా సార్, గేలానికి కట్టడానికా?" అన్నాడు. మూతకు అంటుకున్న కాగితాన్ని గోటితో గీకుతూ ఆగిపోయాడు. పసుపు మరక పక్కన 'చి.ల.సౌ.' ఇంకా చెక్కుచెదరలేదు.

"ముహూర్తం ఎప్పుడు సార్?"

"అయిపోయిందయ్యా" అన్నారు నాన్న. "నిన్ననే తలంబ్రాలు కూడా పోశాడు."